స్కాట్లాండ్ రాణి మేరీ జీవితాన్ని ఎలా చదవాలి

స్కాట్లాండ్ రాణి మేరీ స్టువర్ట్ గురించి చదవబోయేవారికి రెండు కథలు సిద్ధంగా ఎదురవుతాయి: ఒకదానిలో ఆమె భర్తను చంపించిన స్త్రీ, మరొకదానిలో మతం కోసం ప్రాణమిచ్చిన పుణ్యవతి. ఏ కథనూ ముందుగా నెత్తికెత్తుకోకుండా, తేదీలను ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. సొంత జీవితానికి ఒక పట్టిక, రాజకీయాలకు మరొకటి వద్దు; పుట్టిన ఆరో రోజున, 1542 డిసెంబరులో, రాణి అయిన మనిషికి పెళ్లీ కాన్పూ కూడా రాజ్య వ్యవహారాలే.

తొలి సంవత్సరాలను త్వరగా దాటవచ్చు. 1558లో ఫ్రాన్స్ యువరాజుతో పెళ్లయింది. రాజైన ఆ భర్త, ఆమె పద్దెనిమిదో పుట్టినరోజుకు మూడు రోజుల ముందు మరణించాడు. 1561లో ఈ క్యాథలిక్ రాణి తిరిగి వచ్చేసరికి, స్కాట్లాండ్ పార్లమెంటు పోపు అధికారాన్ని తోసిపుచ్చి ఏడాదైంది.

1566 మార్చి నుంచి 1567 మే వరకు మాత్రం రోజుల లెక్కన చదవాలి. మార్చి 9 రాత్రి హోలీరూడ్ ప్యాలెస్‌లోని చిన్న గదిలో, ఆరు నెలల గర్భిణి అయిన మేరీ భోజనం చేస్తుండగా సాయుధులు చొరబడి, ఆమె కార్యదర్శి రిజియోను బయటికి ఈడ్చుకుపోయి పొడిచి చంపారు. ఆ కుట్రలో ఆమె రెండో భర్త డార్న్‌లీ కూడా ఉన్నాడు. జూన్ 19న కొడుకు పుట్టాడు. 1567 ఫిబ్రవరి 10న డార్న్‌లీ బస చేసిన ఇల్లు మందుగుండుతో పేలిపోయింది గానీ, అతని శవం బయట తోటలో, పేలుడు గాయాలేవీ లేకుండా దొరికింది. ఆ హత్యలో నిందితుడైన స్కాట్లాండ్ ప్రభువు బోత్‌వెల్ ఏప్రిల్ 12న నిర్దోషిగా విడుదలై, అదే నెలలో రాణిని డన్‌బార్ కోటకు ఎత్తుకుపోయాడు. మే 15న ఇద్దరికీ పెళ్లయింది. అది బలవంతమా, ఆమె ఇష్టమా అన్నది ఇప్పటికీ తేలలేదు కనుక, మీ కాగితం మీద రెండు అవకాశాలనూ రాసి ఉంచండి.

తర్వాత పత్రాలను పరీక్షించాలి. ఆమె బోత్‌వెల్‌కు రాసినవంటూ, ఆమె నేరానికి రుజువుగా చూపిన వెండి పెట్టెలోని ఉత్తరాలను బయటపెట్టినవారు, ఆమెను బంధించి 1567 జులైలో సింహాసనం వదులుకునేలా చేసిన ప్రభువులే. మూలప్రతులు పోయాయి, నకళ్లూ అనువాదాలూ మాత్రమే మిగిలాయి. అందుచేత మరో ఆధారం తోడు లేనిదే వాటిని నమ్మకూడదన్నది నా అభిప్రాయం.

1568లో మేరీ ఇంగ్లండుకు పారిపోయింది; అక్కడి ప్రభుత్వం ఆమెను నిర్బంధించి, చివరికి మరణశిక్ష విధించింది. ఇక్కడ ఒక చిక్కును గమనించండి: అప్పటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, 1587 ఫిబ్రవరి 8న జరిగిన ఆమె శిరచ్ఛేదం కొన్ని పత్రాలలో 1586గా కనిపిస్తుంది.

ఆమె చివరి ఉత్తరాన్ని ఆఖరున చదవండి. పంతొమ్మిదేళ్ల నిర్బంధం తర్వాత, ఆ ఉదయం ఎనిమిది గంటలకు శిక్ష అమలవుతుందని తెలిసి, అర్ధరాత్రి దాటాక మరిది అయిన ఫ్రాన్స్ రాజుకు దాన్ని రాసింది. తాను చనిపోతున్నది మతం కోసమేనని అందులో గట్టిగా చెప్పుకుంది, అది రాజకీయమే. అదే ఉత్తరంలో, తన సేవకులకు రావలసిన జీతాలు చెల్లించమని ఆ రాజును వేడుకుంది.