కొకోడా దారి నడవాలనుకునేవారికి: పాపువా న్యూ గినీ కొండల్లో 96 కిలోమీటర్లు

పాపువా న్యూ గినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి కొండల్లోకి వెళ్ళే రోడ్డు ఓవర్స్ కార్నర్ అనే చోట ఆగిపోతుంది. అక్కడి నుంచి గోల్డీ నది వైపు జారుడుగా దిగే కాలిబాట ఓవెన్ స్టాన్లీ పర్వతశ్రేణిని అడ్డంగా దాటుకుంటూ, అవతలి వైపున్న కొకోడా అనే చిన్న పీఠభూమి దాకా 96 కిలోమీటర్లు సాగుతుంది. ఇంతే దూరాన్ని కృష్ణా డెల్టాలో కాలవగట్ల వెంట మూడు నాలుగు రోజుల్లో నడిచేయవచ్చు కానీ, ఇక్కడ సాధారణంగా ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. ఎందుకంటే ఈ బాట చాలాచోట్ల కొండను చుట్టుకుని వెళ్ళదు; నేరుగా శిఖరం ఎక్కి, అవతల ఏటి ఒడ్డు దాకా నేరుగా దిగి, మళ్ళీ ఎక్కుతుంది. అన్నిటికన్నా ఎత్తైన బెల్లమీ కొండ దగ్గర కూడా ఎత్తు సుమారు 2,190 మీటర్లే కాబట్టి, హిమాలయాల్లో మాదిరిగా గాలి చాలక ఇబ్బంది పడే అవసరం ఉండదు. మనిషిని అలసటకు గురిచేసేవి వేడి, తేమ, బురద, బురద కింద కనిపించకుండా అల్లుకున్న చెట్ల వేర్లు.

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొకోడా పేరును, యుద్ధాల్లో మరణించిన సైనికులను స్మరిస్తూ ఏప్రిల్ 25న జరిపే ఆన్జాక్ దినం సందర్భంగా, పిల్లల బడి ద్వారా వినే ఉంటాయి. నేనూ అలాగే విన్నాను, చాలాకాలం వెనకాడి చివరికి నడిచాను. నడిచి వచ్చాక నాకు బలంగా అనిపించిన మాట ముందే చెబుతాను: ఈ దారిని మనం మన కండబలంతో దాటం, అక్కడి ఊళ్ళ మనుషుల చేయి పట్టుకుని దాటుతాం. అందువల్ల ఎవరితో వెళ్ళాలి అన్న ప్రశ్నతోనే సన్నాహం మొదలుకావాలి, బూట్ల కొనుగోలు ఆ తర్వాతి సంగతి.

ఒంటరిగా వెళ్ళే ఆలోచన మానుకోవాలి. పాపువా న్యూ గినీలో భూమిలో అత్యధిక భాగం ప్రభుత్వానిది కాదు, తరతరాలుగా ఆయా వంశాలదే. బాటలో దక్షిణ భాగం కొయారి ప్రజల నేల మీదుగా, ఉత్తరపు చివర ఒరోకైవా ప్రజల నేల మీదుగా పోతుంది. వారికి అన్యాయం జరిగిందనుకున్నప్పుడు బాటను మూసివేసిన సందర్భాలు కూడా ఉన్నాయి, అది వారి హక్కు. నడిచే ప్రతివారికీ కొకోడా ట్రాక్ అథారిటీ ఇచ్చే అనుమతి పత్రం కావాలి. నమ్మకమైన నిర్వాహక సంస్థ ఆ పత్రాన్ని, ఊళ్ళలో బసను, గైడునూ పోర్టర్లనూ తానే ఏర్పాటు చేస్తుంది.

సంస్థను ఎంచుకునేటప్పుడు ధరకన్నా ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. పోర్టరుకు ఎన్ని కిలోల బరువు ఎత్తుతారు? రోజుకూలీ ఎంత, అది ఎప్పుడు చేతికిస్తారు? పడుకోవడానికి దుప్పటి, వర్షానికి కప్పుకోవడానికి ఏదైనా, మీతో సమానమైన తిండి వారికి ఇస్తారా? యాత్ర ముగిశాక వారు తిరిగి ఇంటికి చేరే ఖర్చు ఎవరిది? సూటిగా జవాబు చెప్పలేని సంస్థ ఎంత చవకగా వచ్చినా వదులుకోవడం మంచిది. తన మనుషులను పస్తుంచి నడిపించే సంస్థ ప్రమాదం వచ్చిన రోజున మీ గురించి మాత్రం శ్రద్ధ పడుతుందని నేను అనుకోను. వీటితోపాటు శాటిలైట్ ఫోను ఉందా, ప్రథమ చికిత్స తెలిసినవారు బృందంలో ఉన్నారా అని కూడా అడగాలి.

కాలం విషయంలో సందేహం అక్కర్లేదు. వానలు తగ్గి ఉండే మే నుంచి అక్టోబరు దాకా వెళ్ళాలి. ఆ నెలల్లో కూడా మధ్యాహ్నం దాటాక జల్లు పడుతుంది కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరి, మూడు గంటలకల్లా బసకు చేరేలా రోజును అమర్చుకోవాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు వీసా ముందుగానే తీసుకోవాలి. బ్రిస్బేన్ మీదుగా వెళితే ఆస్ట్రేలియా ట్రాన్సిట్ వీసా కూడా అవసరమవుతుంది. సింగపూర్, మనీలాల నుంచి కూడా పోర్ట్ మోర్స్‌బీకి విమానాలున్నాయి.

శరీరాన్ని సిద్ధం చేసుకోవడానికి కనీసం నాలుగు నెలలు కేటాయించండి. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద చేసే నడక ఇందుకు చాలదు, మెట్లే కావాలి. ఆ మెట్లు మనకు దేవుడిచ్చినన్ని ఉన్నాయి. తిరుపతికి దగ్గరలో ఉన్నవారికి అలిపిరి మార్గంలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లు ఉన్నాయి. విశాఖవాసులకు సింహాచలం ఉంది. అయితే కొండకు నడిచి ఎక్కి, దర్శనం చేసుకుని బస్సులో దిగడం మన అలవాటు. కొకోడాకు సిద్ధమయ్యేవారు దిగడం కూడా నడిచే దిగాలి, అదీ వీపున ఎనిమిది పది కిలోల సంచితో. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు నిలబడితే తగ్గుతుంది. దిగేటప్పుడు మోకాలికి, తొడ ముందు కండరానికి తగిలే దెబ్బ నిలబడితే తగ్గదు, మరునాటికి పెరుగుతుంది. మా బృందంలో వెనక్కి వెళ్ళిపోవాల్సి వచ్చిన ఒకరు ఆయాసంతో కాదు, ఇయోరిబైవా అనే శిఖరం తర్వాతి దిగుడులో వాచిన మోకాలితో ఆగిపోయారు. వర్షంలో, తడిసిన బూట్లతో, వరుసగా రెండు రోజులు నడిచి చూసుకోవడం కూడా సాధనలో భాగం కావాలి.

వైద్య పరీక్షను లాంఛనంగా చూడవద్దు. 2009లో ఈ బాట మీద నలుగురు ఆస్ట్రేలియన్లు నడుస్తూనే ప్రాణాలు కోల్పోయారు. నలభై దాటినవారు, బీపీ, షుగరు ఉన్నవారు గుండె పరీక్ష చేయించుకుని, వైద్యుడు సరేనంటేనే వెళ్ళాలి. మలేరియా అక్కడ నిజమైన ముప్పు. డాక్సీసైక్లిన్ వంటి నివారణ మాత్రలను వైద్యుడి సలహాతో, బయలుదేరడానికి ముందే మొదలుపెట్టాలి. ఇంకొక ప్రమాదం చాలామందికి తెలియదు. చెమటతో ఉప్పు పోతుంటే, దాహం లేకపోయినా లీటర్ల కొద్దీ ఉత్త నీళ్ళు తాగినవారికి రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక మాటలు దాని లక్షణాలు. చూసినవారు ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు పట్టిస్తే ప్రాణానికే ముప్పు. దాహాన్ని బట్టి తాగుతూ, ఓఆర్‌ఎస్ పొట్లాలు వాడుతూ, ఉప్పు తగిలే తిండి తింటూ ఉండాలి. ఏటి నీళ్ళు ఎంత తేటగా కనిపించినా శుద్ధి చేసే మాత్ర వేయకుండా తాగకూడదు.

సామాను తక్కువగా ఉండాలి కానీ మేజోళ్ళ దగ్గర పొదుపు చేయకూడదు. పగలంతా తడిగానే ఉండే పాదానికి రాత్రి ఆరే అవకాశం ఇవ్వకపోతే మూడో రోజుకల్లా చర్మం తెల్లగా ఉబ్బి చీలుతుంది. అందుకే నడకకు ఒక జత, నిద్రకు మాత్రమే వాడే పొడి జత వేరువేరు ప్లాస్టిక్ సంచుల్లో ఉంచుకుని, పొద్దున్నే ఎంత చిరాకనిపించినా తడి జతనే మళ్ళీ తొడుక్కోవాలి. బూట్లు కొత్తవి వద్దు, కాలికి అలవాటు పడినవే కావాలి. రెండు చేతికర్రలు, తలకు కట్టుకునే టార్చి, దోమతెర, వర్షపు కోటు తప్పనిసరి.

శాకాహారులు ఆ సంగతి బుకింగ్ సమయంలోనే చెప్పి, బయలుదేరే ముందు మరొకసారి గుర్తుచేయాలి. దారిలో వండేది ఎక్కువగా అన్నం, డబ్బా చేపలు, నూడుల్స్, బిస్కెట్లు. అన్నం ఉంటుంది కాబట్టి మనవాళ్ళకు దిగులు లేదు. కందిపొడి, వేరుశనగ చిక్కీ కొంచెం దగ్గరుంటే సాయంత్రం ప్రాణం లేచి వస్తుంది. తినుబండారాలను విమానాశ్రయంలో దాచకుండా చూపించండి. ఊళ్ళలో అరటిపండ్లు, కాల్చిన చిలగడదుంపలు దొరుకుతాయి. చిలగడదుంపను అక్కడ కౌకౌ అంటారు, నిప్పుల్లోంచి తీసి బూడిద దులిపి చేతికిస్తే మన సంక్రాంతి రోజులు గుర్తొస్తాయి. వీటిని కొనడానికి అక్కడి డబ్బయిన కినాల్లో చిన్న నోట్లు పోర్ట్ మోర్స్‌బీలోనే మార్చుకోవాలి, కొండల్లో చిల్లర దొరకదు.

బాట గురించి కొంత ముందే తెలిస్తే మనసు నిలబడుతుంది. గోల్డీ నది దాటాక ఇమిటా శిఖరం ఎదురవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 జూలై 21న ఉత్తర తీరంలో దిగిన జపాన్ సేనలు ఈ బాట వెంట ముందుకు తోసుకొచ్చి, సెప్టెంబరులో ఎదుటి ఇయోరిబైవా శిఖరం దాకా వచ్చాయి. ఇమిటా దగ్గర ఆస్ట్రేలియా సేనలు నిలబడ్డాయి, తిండి సరఫరా చితికిపోయిన జపాన్ సేనలు ఇయోరిబైవా నుంచే వెనుదిరిగాయి. ఆ తర్వాతి మగులి శ్రేణి ఓపికను పరీక్షిస్తుంది. చెట్ల మధ్య వెలుతురు కనిపించి ఇదే శిఖరం అనుకుంటే, దాని వెనక మరొకటి లేస్తుంది. అక్కడ పైకి చూడకుండా ముందున్న మనిషి మడమను చూస్తూ నడవడమే మార్గం. నౌరో, మెనారి ఊళ్ళు దాటాక ఎక్కే బ్రిగేడ్ కొండ మీద పాతిపెట్టిన సైనికుల అవశేషాలను తర్వాత పోర్ట్ మోర్స్‌బీ దగ్గరి బొమానా యుద్ధ శ్మశానానికి తరలించారు. బెల్లమీ దాటి దిగాక టెంపుల్టన్స్ క్రాసింగ్, ఇయోరా ఏరు, ఆపైన ఇసురావా. ఆగస్టు చివరి వారంలో జరిగిన భీకర యుద్ధానికి గుర్తుగా అక్కడ నాలుగు నల్లరాతి స్తంభాలు నిలబెట్టారు. ధైర్యం, సహనం, స్నేహం, త్యాగం అనే అర్థాలిచ్చే నాలుగు ఇంగ్లీషు మాటలు వాటి మీద చెక్కి ఉంటాయి. గాయపడిన సైనికులను డోలీల్లో ఇదే బురదలో రోజుల తరబడి మోసిన పాపువా మోతగాళ్ళను తలచుకోకుండా ఆ స్తంభాల ముందు నిలబడటం నాకు సాధ్యం కాలేదు. మన వెంట నడిచే పోర్టర్లలో కొందరు వారి మనవలు, మునిమనవలు. ఈ యుద్ధ చరిత్రలో సింగపూర్, హాంకాంగ్‌లలో పట్టుబడి, జపాన్ వారి బందీలుగా న్యూ గినీకి చేరిన భారతీయ సైనికులు కూడా ఉన్నారు. అక్కడే మరణించిన ఎందరో ఇదే దేశంలోని లాయే యుద్ధ శ్మశానంలో ఉన్నారు. దారిలో తుప్పుపట్టిన తూటాలు, గుండ్లు కనిపిస్తాయి. పేలనివి కూడా ఉండవచ్చు కాబట్టి ముట్టుకోకూడదు, వాటిని దేశం దాటించడం నేరం.

ఏర్లు దాటడం గురించి విడిగా చెప్పాలి. వంతెన అంటే చాలాచోట్ల రెండు మూడు దుంగలు, వాటిని కలిపి కట్టిన తీగలు మాత్రమే. వరదకు కొట్టుకుపోతే ఊరివాళ్ళు మళ్ళీ వేస్తారు. దుంగ ఎక్కే ముందు సంచి నడుము పట్టీ, రొమ్ము పట్టీ విప్పేయాలి, పడితే సంచిని వదిలించుకునే వీలుండాలి. పాదం అడ్డంగా పెట్టి, పక్కకు జరుగుతూ వెళ్ళాలి. నా పోర్టరు దుంగ పక్కన నడుముల్లోతు నీళ్ళలో దిగి, చెప్పులు లేని కాలి వేళ్ళను విసనకర్రలా విప్పి నిలబడి, ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో తాను కదిలినప్పుడల్లా నా బూటు ఎక్కడ పెట్టాలో తట్టి చూపించాడు. ఆ తట్టిన చోటు తప్ప మరెక్కడా పెట్టకపోవడమే నేను చేసిన పని. వంతెన లేని చోట నీటి ఉరవడికి ఎదురుగా ముఖం పెట్టి, కర్రను ముందు నాటి, ఒక కాలు కుదిరాకే రెండోది ఎత్తాలి. నీరు ఎర్రబడి చెత్తతో వస్తుంటే పైన వాన కురిసిందని అర్థం. గైడు ఆగమంటే ఆగాలి, విమానం తప్పిపోతుందని వాదించకూడదు. కొండ ఏరు ఎంత వేగంగా పొంగుతుందో, వాన తగ్గాక సాధారణంగా అంత త్వరగానే తగ్గుతుంది.

ఊళ్ళలో మనం అతిథులం. కొయారి గ్రామాలు ఎక్కువగా సెవెంత్ డే అడ్వెంటిస్టు క్రైస్తవులవి. వారు పంది మాంసం, మద్యం, వక్క ముట్టరు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా అమ్మకాలు, పనులు ఆపి ప్రార్థనలో గడుపుతారు. శనివారం ఎఫోగి వంటి ఊళ్ళో ఉండేలా చూసుకుని, రమ్మంటే ప్రార్థనకు వెళ్ళి వెనక వరుసలో కూర్చోండి, ఆ పాటలు వినదగ్గవి. ఏటి దగ్గర స్నానానికి స్త్రీలకూ పురుషులకూ వేరువేరు తావులుంటాయి, ముందే అడిగి తెలుసుకోవాలి. ఫొటో తీసే ముందు అనుమతి తీసుకోవాలి. పిల్లలకు చాక్లెట్లు పంచడం కన్నా నోటుపుస్తకాలు, పెన్సిళ్ళు బడి ఉపాధ్యాయుడికి ఇవ్వడం మేలు. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునే టోక్ పిసిన్ భాషలో పొద్దున పలకరింపుకు మోనింగ్, కృతజ్ఞతకు టెంక్యు ట్రు అంటే చాలు, ముఖాలు వికసిస్తాయి.

హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు భరించే బీమా లేకుండా బయలుదేరకూడదు. మబ్బు కమ్మితే హెలికాప్టర్ కూడా రాదు కాబట్టి ఒంట్లో తేడాగా ఉన్న సంగతి మొదటి రోజే గైడుకు చెప్పాలి, మొహమాటపడి దాచుకోకూడదు. కొకోడా చేరాక తిరుగు ప్రయాణం చిన్న విమానంలో ఉంటుంది, అది కూడా ఆకాశాన్ని బట్టే. 2009 ఆగస్టులో కొకోడాకు వస్తున్న విమానం కొండను ఢీకొని 13 మంది మరణించారు. పైలట్ రానంటే ఆ మాటను గౌరవించి, అంతర్జాతీయ టికెట్టుకు ముందు కనీసం రెండు రోజుల ఖాళీ ఉంచుకోవాలి. పోర్టరుకు ఇవ్వదలచిన బహుమానాన్ని ఎవరి చేతిలోనో పెట్టకుండా ఆయన చేతికే ఇవ్వండి. బూట్లు, వర్షపు కోటు మీకు ఇక అవసరం లేదనుకుంటే శుభ్రంగా కడిగి, కావాలా అని అడిగి ఇవ్వండి.

ఇంటికి చేరాక డాక్సీసైక్లిన్ వాడుతున్నవారు మరో నాలుగు వారాలు మాత్రలు ఆపకూడదు. ఆ తర్వాత నెలలకు జ్వరం వచ్చినా, పాపువా న్యూ గినీ వెళ్ళివచ్చానని వైద్యుడికి మొదటి మాటగా చెప్పి, మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలి.