పొద్దుతిరుగుడులో తాలు గింజలు: బోరాన్ కొనే ముందు పువ్వు కోసి చూడండి

పువ్వు పెద్దదే, గింజలూ నిండుగానే కనిపిస్తాయి. నూర్చాక తూకం రాదు. ఫలదీకరణ జరగకపోయినా పొద్దుతిరుగుడు గింజకు పొట్టు పెరుగుతుంది, పప్పు మాత్రం పట్టదు. అందుకే పైకి చూసి తేల్చలేం. పసుపు ఆకర్షక పత్రాలు రాలిన 10 రోజులకు చేనులో వేర్వేరు చోట్ల నాలుగైదు పువ్వులు కోయండి. అంచు నుంచి నడిమి దాకా ఒక వరుస గింజలు గోటితో నొక్కండి. తాలు గింజ ఇట్టే అణిగిపోతుంది. ఐదు నిమిషాల ఈ పని మానేసి బోరాన్ అనే సూక్ష్మపోషకం కొనడానికి పరుగెత్తకండి. తాలు ఎక్కడుందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది.

నడిమిలోనే తాలు, అంచంతా గట్టి గింజ

నడుమ కాస్త తాలు ఉండడం మామూలే, పువ్వులో చివరగా విచ్చేవి నడిమి చిరుపూలే కదా. సగం దాకా తాలైతే నీటి ఎద్దడిని అనుమానించండి. మొగ్గ, పూత, గింజ నిండే దశల్లో నేల ఆరకూడదు. లేత ఆకులు పెళుసుబారి రాగిరంగు తిరిగి, పువ్వు వంకర పోయి, దాని కింద కాడ పగిలితే అప్పుడు బోరాన్ లోపమే. ఆకర్షక పత్రాలు విచ్చేటప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ (బోరాన్ ఉండే పొడి) పిచికారీ చేయాలి. ముందు కొద్ది వేడినీళ్లలో కరిగించండి, చన్నీళ్లలో సరిగా కరగదు.

వలయంలా తాలు, లేదా పువ్వంతా అక్కడక్కడా తాలు

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఆకులు పచ్చగా, చేను ఆరోగ్యంగా ఉంటుంది కాబట్టి బోరాన్ మీదికి నెపం పోతుంది. నిజానికి పుప్పొడి అందలేదు.

పువ్వులోని చిరుపూలు అంచు నుంచి లోపలికి రోజుకు కొన్ని వరుసల చొప్పున 7 నుంచి 10 రోజుల పాటు విచ్చుతాయి. ఒక్కో చిరుపువ్వులో ముందు పుప్పొడి రాలుతుంది, మర్నాటికి గానీ కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొన) బయటికి రాదు. పుప్పొడి జిగటగా బరువుగా ఉంటుంది, గాలికి పెద్దగా పోదు. సంకర రకాలు కొంత స్వయంగా గింజ కట్టినా తేనెటీగలు లేకపోతే పూర్తి దిగుబడి రాదు. అంచు గట్టిగా ఉండి, తర్వాత తాలు వలయం, మళ్లీ గట్టి గింజ ఉందంటే పూత మధ్యలో రెండు మూడు రోజులు ఈగలు రాలేదన్నమాట. ఆ రోజుల్లో ముసురు పట్టిందా, పురుగుమందు కొట్టారా గుర్తు తెచ్చుకోండి. మీరు కొట్టకపోయినా పక్క చేనులో కొడితే చాలు.

పూతలోనే దీన్ని పట్టుకోవచ్చు. ఫలదీకరణ జరిగిన చిరుపువ్వులో కీలాగ్రం వాడిపోతుంది. రెండుగా చీలి వంపు తిరిగిన తాజా కీలాగ్రాలు వెడల్పాటి పట్టీగా నిలబడి ఉంటే అవి ఇంకా పుప్పొడి కోసం ఎదురుచూస్తున్నట్టు. కొన్ని రోజుల పాటు స్వీకరిస్తాయి, కాబట్టి మర్నాడే మొదలుపెట్టండి: ఉదయం 8 నుంచి 11 లోపు మంచు ఆరాక, మెత్తటి పల్చని గుడ్డ చేతికి చుట్టుకుని ఒక పువ్వు ముఖం మీద, వెంటనే పక్క పువ్వు మీద మెల్లగా అద్దుతూ వెళ్లండి. పూత ముగిసేదాకా రోజు విడిచి రోజు చేయాలి. గోనె గుడ్డ వద్దు, కీలాగ్రాలు నలిగిపోతాయి. ఆకర్షక పత్రాలు ఎండిపోయాక చేసే అద్దకం వృథా.

వచ్చే పంటకు ఎకరాకు రెండు తేనెటీగల పెట్టెలు పెట్టండి. శనగపచ్చ పురుగు మందు మొగ్గ దశలోనే ముగించండి. పూతలో తప్పనిసరైతే ఈగలు గూటికి చేరిన సాయంత్రం ఎన్.పి.వి. (పురుగుకు జబ్బు తెచ్చే వైరస్) ద్రావణం కొట్టండి, పొడిమందులు చల్లకండి.

మిగతావి

పూతలో ఎండ 38 డిగ్రీలు దాటితే తాలు పెరుగుతుంది. చేసేదేం లేదు, విత్తే తేదీ మార్చుకోవాలి. పువ్వు వెనక మెత్తబడి గోధుమరంగు తిరిగితే కుళ్లు తెగులు. ఒక పక్కే గింజ లేకపోతే చిలకలు తిన్నాయేమో కింద పొట్టు చూడండి.