ఐర్లండ్‌లో వీకెండ్‌కి కాంగ్ బాగుంటుంది

ఐర్లండ్‌లో ఉంటూ రెండు రోజులు హాయిగా గడపాలనుకుంటే మేయో కౌంటీలోని కాంగ్ వెళ్లండి. గాల్వే నుంచి సుమారు 45 కిలోమీటర్లు. పగలు టూరిస్టుల సందడి ఎక్కువ. అందుకే రాత్రికి ఊళ్లోనే ఉండి, పొద్దున్నే పాత మఠం వెనక నది దాకా నడవండి. అక్కడ నీళ్ల మీదే కట్టిన చిన్న రాతిగది ఉంది, సన్యాసులు చేపలు పట్టిన చోటు. నేలలో ఉన్న కంతలోంచి వల దించేవారట. చేప పడగానే వంటింట్లో గంట మోగేలా తాడు కట్టారనీ చెబుతారు (ఆకలి ఎంత పనైనా చేయిస్తుంది!). ఎండిపోయిన కాలువ కూడా చూడండి. 1840ల కరువులో జనానికి పని కల్పిస్తూ తవ్వారు గానీ, సున్నపురాయి నేల నీళ్లన్నీ తాగేసింది. బస్సులు తక్కువ, తిరుగు టైము ముందే చూసుకోండి. గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు పెట్టుకోండి.