సొంతంగా నేర్చుకుందాం: బూట్‌లోడర్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ – 4వ పాఠం

ఈ పాఠంలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డును లేపే ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌ను నడిపే కింది స్థాయి ప్రోగ్రాం) ఫైళ్లను డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌కు ప్యాకేజీగా కడతాం. పర్లాకిమిడి, గుణుపురం వైపు మొబైల్ డేటాతో నెట్టుకొస్తున్నవాళ్లకు ముందే ఒక హెచ్చరిక: ఫర్మ్‌వేర్ రిపాజిటరీని (ఆ ఫైళ్లున్న గిట్ భండారాన్ని) మొత్తంగా దించుకోకండి. పాత చరిత్రంతా కలిసి గిగాబైట్లలో ఉంటుంది. గిట్ క్లోన్‌లో డెప్త్ 1 అని ఇస్తే తాజా కమిట్ (చివరిగా భద్రపరిచిన రూపం) ఒక్కటే వస్తుంది, మనకదే చాలు.

ఈసారి బోర్డు రాస్ప్‌బెర్రీ పై 3, సిస్టమ్ డెబియన్. కరెంటు ఇవ్వగానే ఈ బోర్డులో మొదట లేచేది ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ భాగమైన వీడియోకోర్. అది ఎస్‌డీ కార్డులోని ఫ్యాట్ పార్టిషన్ (ఫ్యాట్ అనే సాదా ఫైల్ సిస్టమ్ ఉన్న భాగం) నుంచి బూట్‌కోడ్.బిన్‌ను, ఆపైన స్టార్ట్.ఎల్ఫ్, ఫిక్సప్.డాట్ (fixup.dat) జతను చదువుకున్నాకే కెర్నెల్‌కు (లినక్స్ గుండెకాయకు) వంతు వస్తుంది. ఈ మూడింటికీ సోర్సు ఇవ్వరు. (పై 4లో మొదటి ఫైలు పని బోర్డు మీది ఈఈప్రామ్ (చిన్న మెమరీ చిప్) చేస్తుంది. పై 5కి కార్డులో ఈ మూడూ అక్కర్లేదు.)

లైసెన్సు ప్రకారం వీటిని మార్చకుండా, ఆ బోర్డుల కోసమే పంచవచ్చు. ఆ లైసెన్సు వాక్యాలను అక్షరం పొల్లుపోకుండా కాపీరైట్ ఫైల్లో పెట్టండి. కంట్రోల్ ఫైల్లో (ప్యాకేజీ వివరాలుండే ఫైలు) సెక్షన్ నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇది విడి విభాగం. సోర్సెస్ జాబితాలో (ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే ఫైల్లో) పాత నాన్-ఫ్రీ మాత్రమే ఉన్నవాళ్లకు మీ అప్‌డేట్ అందదు, ఎర్రర్ కూడా రాదు. రీడ్‌మీలో ఈ మాట రాయడం మరవకండి. రిపాజిటరీలో ఈ ఫైళ్లున్న ఫోల్డర్లోనే ఉన్న కెర్నెల్ ఇమేజీలను తీసేయండి. డెబియన్ కెర్నెల్‌ను సోర్సు నుంచి తానే కట్టుకుంటుంది. రూల్స్ ఫైల్లో (ప్యాకేజీ కట్టే విధానం ఉండే ఫైలు) డీహెచ్-స్ట్రిప్‌కు (ఫైళ్లను చిన్నవి చేసే పనిముట్టు) ఖాళీ ఓవర్‌రైడ్ ఇవ్వండి, అంటే అది ఏమీ చేయకుండా ఆపండి. ఎల్ఫ్ ఫైలు కదా అని అది సింబల్స్ (డీబగ్గింగ్‌కు పనికొచ్చే పేర్లు) కత్తిరిస్తే, మార్చకూడదన్న షరతు తప్పినట్టే.

ఇక అందరూ బోల్తాపడే చోటు. ఫైళ్లను నేరుగా ఫ్యాట్ పార్టిషన్ కనబడే బూట్ కింది ఫర్మ్‌వేర్ డైరెక్టరీలోకి ఇన్‌స్టాల్ చేస్తే మొదటిసారి బాగానే జరిగిపోతుంది. అప్‌గ్రేడ్ రోజున డీపీకేజీ (డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రాం) పాత ఫైలుకు హార్డ్‌లింకుతో (అదే ఫైలుకు రెండో పేరుతో) బ్యాకప్ తీయబోతుంది. ఫ్యాట్‌లో హార్డ్‌లింకులు ఉండవు, అన్‌ప్యాక్ అక్కడే ఆగిపోతుంది. అందుకే ప్యాకేజీ ఫైళ్లను యూఎస్‌ఆర్ లిబ్ కింద దించాలి, అక్కడి నుంచి ఫ్యాట్‌లోకి కాపీ చేసే పని ఒక హుక్ స్క్రిప్టుకు (ఇన్‌స్టాల్ తర్వాత దానంతటదే నడిచే స్క్రిప్టుకు) అప్పగించాలి.

ఆ హుక్ ముందు ఫ్యాట్ నిజంగా మౌంట్ అయి (ఆ డైరెక్టరీకి తగిలించి) ఉందో లేదో చూడాలి. లేకపోతే కాపీ అంతా రూట్ పార్టిషన్‌లోని ఖాళీ డైరెక్టరీలో పడుతుంది, బోర్డు మాత్రం పాత ఫర్మ్‌వేర్‌తోనే లేస్తుంది. తర్వాత ఖాళీ జాగా చూడాలి: పాతదీ కొత్తదీ కాసేపు పక్కపక్కనే ఉంటాయి. అన్నింటినీ తాత్కాలిక పేర్లతో కాపీ చేసి, సింక్ (రాసినది కార్డులోకి చేరేలా చేసే ఆదేశం) ఇచ్చి, అప్పుడు ఒక్క ఊపులో పేర్లు మార్చి, మళ్లీ సింక్ ఇవ్వండి. మనవైపు తుపాను రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఆ పేర్లు మార్చే వ్యవధి ఎంత తక్కువైతే అంత మేలు. స్టార్ట్, ఫిక్సప్ రెండూ ఒకే విడుదలవి కావాలి, కలగాపులగం పనికిరాదు.

బోర్డు లేవకపోతే ఆకుపచ్చ దీపాన్ని లెక్కపెట్టండి. 4 మినుకులైతే స్టార్ట్.ఎల్ఫ్ దొరకలేదు, మీ హుక్ చూసుకోండి. 7 అయితే ఫర్మ్‌వేర్ లేచింది, కెర్నెల్ ఇమేజీ కనబడలేదు, కాన్ఫిగ్.టెక్స్ట్‌లో రాసిన పేరు సరిచూడండి.

5వ పాఠంలో ఆ కాన్ఫిగ్ ఫైలును హుక్ చేత రాయిద్దాం.