చార్జింగ్ ఎక్కని చేతి గేమ్ కన్సోల్: నా అనుభవం

పాతకాలపు వీడియో గేములు ఆడుకోవడానికి కొనుక్కున్న నా చేతి కన్సోల్ ఈ మధ్య చార్జింగ్ ఎక్కడం మానేసింది. ఫోనుకు కొన్న కొత్త చార్జర్‌కు, రెండు కొసలా టైప్-సి ఉన్న కేబుల్‌తో తగిలించి గంటసేపు ఉంచినా ఎర్రదీపం వెలగలేదు.

బ్యాటరీ పోయిందనుకొని వెనుక స్క్రూలు విప్పి మల్టీమీటర్‌తో చూస్తే 3.4 వోల్టులు చూపించింది. ఆ రకం లిథియం బ్యాటరీ నిండినప్పుడు 4.2 వోల్టులుంటుంది కనుక, ఇది ఖాళీ అయిందే తప్ప చెడిపోలేదని తేలింది. టార్చి వేసి చూస్తే పోర్టు అడుగున జేబులోని నూలుపోగులు గట్టిగా అణిగి ఉన్నాయి. చెక్క టూత్‌పిక్‌తో వాటిని తీసినా ఫలితం లేకపోయింది.

అసలు లోపం బోర్డులో ఉంది. అవతల ఒక పరికరం ఉన్నదని గుర్తించే దాకా టైప్-సి చార్జర్ 5 వోల్టుల కరెంటును వదలదు; ఆ గుర్తింపు కోసం పరికరంలోని రెండు సీసీ పిన్నుల (పోర్టులో గుర్తింపు కోసమే ఉన్న లోహపు కొసలు) నుంచి గ్రౌండుకు (సర్క్యూట్‌లో సున్నా వోల్టుల వైపుకు) చెరొక 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును అడ్డగించే చిన్న భాగం) ఉండాలి. నా కన్సోల్‌లో ఆ రెండూ లేవు. అంత చవకైన భాగాల దగ్గర పొదుపు చేయడం నాకు పిసినారితనంగానే తోచింది.

వెడల్పాటి యూఎస్‌బీ-ఎ పోర్టున్న పాత చార్జర్ ఈ గుర్తింపుతో పని లేకుండానే 5 వోల్టులు ఇస్తుంది. దాని పాత కేబుల్‌తో తగిలించగానే దీపం వెలిగింది. రెసిస్టర్లు టంకం వేయవచ్చు గానీ, ఆ పిన్నులు మరీ ఇరుకుగా ఉన్నందున నేను సాహసించలేదు. పాత కేబుల్‌నే కన్సోల్ సంచిలో పెట్టుకున్నాను.