రేపేమవుతుందో తెలియని రోజుల్లో చిన్న సంతోషాలను నిలబెట్టుకోవడం ఎలా?

2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చాయి. నీళ్లు తీసేసరికి మా ఆయన కుట్టుమిషన్లు రెండూ తుప్పు పట్టాయి, బీరువాలోని బట్టలన్నీ బురదైపోయాయి. షాపు మళ్లీ ఎప్పుడు తెరుస్తామో, చీటీ డబ్బు ఎలా కడతామో తెలియదు. ఆ నెలల్లో నన్ను నిలబెట్టినవి చాలా చిన్న పనులు. వాటిని కొంచెం పద్ధతిగా చేసుకోవాల్సి వచ్చింది. మీకూ అలాంటి రోజులు నడుస్తుంటే, ఇలా మొదలుపెట్టండి.

1. ముందే అలవాటున్న ఒక పనిని తీసుకోండి

టెన్షన్‌లో ఉన్నప్పుడు కొత్తది నేర్చుకునే ఓపిక ఉండదు. రోజూ చేసేదాన్నే ఇంకాస్త శ్రద్ధగా చేయండి. నాకది ఫిల్టర్ కాఫీ. అటక మీద ఉండబట్టి ఫిల్టరు మిగిలింది. మూడు చెంచాల పొడి వేసి, గట్టిగా అదమకుండా పరిచి, మరిగిన నీళ్లు పోసి మూత పెడతాను. డికాక్షన్ దిగడానికి పావుగంటపైనే పడుతుంది. అంతసేపూ ఫోన్ ముట్టుకోను. పొద్దున్నే అప్పులవాళ్ల మెసేజ్ చూస్తే రోజంతా అదే రుచి తగులుతుందని నాకు అనుభవమే. గ్లాసు పట్టుకుని డాబా మీదకెళ్లి, ఆఖరి గుక్క దాకా అక్కడే ఉంటాను.

2. దానికొక టైము పెట్టండి

ఖాళీ దొరికినప్పుడు చేద్దాంలే అంటే కష్టకాలంలో ఖాళీ దొరకదు. ఆదివారం సాయంత్రం అయిదున్నరకి మేమిద్దరం ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తాం. 1957లో కట్టిన ఈ బ్యారేజీ పొడవు కిలోమీటరుకి కాస్త పైన, సీతానగరం వైపు వెళ్లి రావడానికి ముప్పావుగంట చాలు. ఎగువ వైపు నిలబడితే నీళ్ల మీద పొద్దు వాలడం కనిపిస్తుంది. వరదప్పుడు పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన ఆ కృష్ణమ్మ ఇంత నెమ్మదిగా ఉందేమిటా అని మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. నదికి దూరంగా ఉంటే మీ వీధి చివర కాలవగట్టు, గాంధీ కొండ, ఏదైనా సరే. రోజు, టైము మాత్రం మార్చకండి.

3. వార్తలకు హద్దు పెట్టండి

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. మధ్యలో వంట చేసుకుంటూ రేడియో పెట్టుకోండి. విజయవాడ ఆకాశవాణి 1948 నుంచి మనతో ఉంది, ఆ గొంతులు ఇంట్లో మనిషి మాట్లాడినట్టే ఉంటాయి.

4. ఇష్టమైనవి కూడా రుచించకపోతే ఆగకండి

రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, దేనిమీదా మనసు పోకపోతే కాఫీతో, నడకతో సరిపెట్టుకోవద్దు. డాక్టరుకి చూపించుకోండి. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. అడగడానికి మొహమాటం అస్సలు వద్దు.

5. ఎదురుచూడడానికి ఒకటి నాటండి

అన్నిటికన్నా నాకు ఎక్కువ మేలు చేసింది ఇదే. రాబోయేదంతా భయంగా కనిపిస్తున్నప్పుడు, మంచిది కూడా ఒకటి వస్తోందని కంటికి కనబడాలి. అందుకు మెంతికూరంత తొందరగా ఫలితమిచ్చేవి తక్కువ.

పోపులపెట్టెలోని మెంతులే రెండు చెంచాలు రాత్రి నానబెట్టండి. పాత టబ్బుకి అడుగున నాలుగు బొక్కలు పెట్టి, రెండు వంతుల మట్టి, ఒక వంతు మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. గింజలు ఒత్తుగా చల్లి, పైన పల్చగా, అరంగుళం మించకుండా మట్టి కప్పండి. నీళ్లు చేత్తో చిలకరించాలి. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక పక్కకి కొట్టుకుపోతాయి. మూడు నాలుగు రోజుల్లో మట్టిని తలతో నెట్టుకుంటూ మొలకలు లేస్తాయి. ఆ పొద్దు కాఫీ గ్లాసు పక్కన పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగా వస్తుంది. మన ఎండలకి మే నెలలో నిలవదు, అప్పుడు తోటకూర వేసుకోండి.

నెల తిరిగేసరికి కోతకొస్తుంది. పీకకుండా, రెండంగుళాలు వదిలి కత్తెరతో కోస్తే మళ్లీ చిగురిస్తుంది. మొదటి కోతలో సగం ఎవరికైనా ఇవ్వండి. నేను ఒక గిన్నెలో పెట్టి పక్కింటి పిన్నిగారికి ఇచ్చొచ్చాను. వాళ్ల ఇల్లూ మునిగిందే, వాళ్లకీ చేతిలో ఏమీ లేని రోజులే. మధ్యాహ్నానికి ఆవిడే వచ్చి, "ఖాళీ గిన్నె ఎలా ఇస్తానమ్మాయ్" అంటూ అందులోనే మెంతికూర పప్పు పెట్టి ఇచ్చారు. ఇంకా వేడిగానే ఉంది.