హైదరాబాద్‌లో ఇల్లు కట్టాలంటే: అనుమతికి దరఖాస్తు విధానం

ప్లాన్ శాంక్షన్ అంటే ఒకప్పుడు టౌన్ ప్లానింగ్ సెక్షన్ చుట్టూ తిరగడమే. ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో కనుక్కోవడానికే ఒక మనిషి కావాల్సి వచ్చేది. 2020 నవంబరులో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతి విధానం మొదలయ్యాక ఆ తిరుగుడు చాలావరకు తగ్గింది. తర్వాత దాని పేరు టీజీ బీపాస్ అయింది. 2025లో బిల్డ్ నౌ అనే కొత్త పోర్టల్ కూడా వచ్చింది. పేరు ఏదైనా లోపలి లెక్క మాత్రం మారలేదు: చిన్న ఇంటికి మీ మాట నమ్మి ముందు అనుమతి ఇస్తారు, ఆ తర్వాత వచ్చి చూస్తారు. ఆఫీసు చేసే పరిశీలన ఇప్పుడు మీ నెత్తిన పడిందన్నమాట. అందుకే ఇక్కడ సబ్మిట్ బటన్ గురించి తక్కువ, దానికి ముందు చేయాల్సిన పని గురించి ఎక్కువ చెబుతాను. డ్రాయింగులు గీసే పనిలో ఉన్నవాణ్ని, తప్పులు ఎక్కడ జరుగుతాయో రోజూ చూస్తున్నాను.

మీది ఏ కోవ?

ప్లాటు 75 గజాల లోపు ఉండి, గ్రౌండ్ ఫ్లోరో, దాని మీద ఇంకో అంతస్తో వేసుకుంటే అసలు అనుమతే అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో వివరాలు ఇచ్చి, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే సరిపోతుంది. అనుమతి అక్కర్లేదన్నారు కదా అని రిజిస్ట్రేషన్ కూడా మానేసేవాళ్లున్నారు. ఆ పని చేయకండి. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూపించడానికి ఆ కాగితమే ఆధారం.

75 గజాలు దాటి 600 గజాల లోపు ప్లాటు, అంటే 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని నివాస భవనమైతే స్వీయ ధ్రువీకరణ మీద తక్షణ అనుమతి వస్తుంది. ఊళ్లో సొంతిల్లు కట్టుకునేవాళ్లలో ఎక్కువ మంది ఈ కోవలోనే ఉంటారు.

స్థలం అంతకంటే పెద్దదైనా, ఎత్తు 10 మీటర్లు దాటినా, కింద దుకాణాలు పెట్టినా సింగిల్ విండోలోకి, అంటే ముందు పరిశీలించి ఆ తర్వాత అనుమతి ఇచ్చే పద్ధతిలోకి వెళ్తుంది. అక్కడ 21 రోజుల గడువు ఉంటుంది. అన్నీ సక్రమంగా ఉండి, ఆలోగా ఏ సంగతీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అపార్ట్‌మెంటు వేసి అమ్మేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది మించినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ)లో నమోదు చేయించాకే ప్రకటనలు, అమ్మకాలు.

కాగితాల సంగతి

రిజిస్టర్డ్ సేల్ డీడ్, దాని వెనకటి లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), లేఅవుట్ కాపీ లేదా ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) ప్రొసీడింగ్స్, ప్లాటు ఫొటోలు, లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్ట్ లేదా ఇంజనీరు గీసిన ప్లాన్. సాధారణంగా అడిగేవి ఇవే. ఈసీ కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోనక్కర్లేదు, 1983 నుంచి జరిగిన లావాదేవీలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. అక్కడే నిషేధిత ఆస్తుల జాబితా కూడా ఉంటుంది. మీ సర్వే నంబరు 22ఏ సెక్షన్ కింద ఆ జాబితాలో ఉందేమో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. లక్షలు పోసి కొన్నాక చూసుకునేవాళ్లను నేను చూశాను.

శివార్లలో కొన్న స్థలమైతే రెండు ‘నాలా’లూ సరిచూసుకోవాలి. మొదటిది, పట్టా భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించిన నాలా కన్వర్షన్. ఇది లేకుండా ఇల్లు కట్టే భూమి కింద లెక్కకు రాదు. రెండోది వానాకాలం పొంగే నాలా. కాగితాల్లో మొదటిది పక్కాగా ఉండి, ప్లాటు మాత్రం రెండోదాని మీదే ఉన్న కేసులు ఈ ఊళ్లో తక్కువేమీ కాదు.

అప్పట్లో గ్రామ పంచాయతీ లేఅవుట్ అని అమ్మినవి చాలావరకు అనుమతి లేని లేఅవుట్లే. అలాంటి ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ అయి ఉండాలి. 2020లో ఎల్‌ఆర్‌ఎస్ తెచ్చినప్పుడు ఆ ఏడాది ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన ప్లాట్లకే అర్హత పెట్టారు. లేఅవుట్‌లో పార్కుకు జాగా వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కూడా కట్టాల్సి ఉంటుంది. ప్లాటు చౌకగా వచ్చిందని మురిసిపోయేవాళ్లు ఇంటి బడ్జెట్‌లో ఈ ముక్క కలుపుకోరు.

చెరువు దగ్గర ఉంటే

పది హెక్టార్లు, అంతకుమించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు అంచు నుంచి 9 మీటర్లు, అంతకంటే సన్నటిదానికి 2 మీటర్లు వదలాలి. చెరువుల మ్యాపులు హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, ఎఫ్‌టీఎల్ గీతతో సహా. ఎండాకాలంలో వెళ్లి ‘నీళ్లెక్కడున్నాయి, అంతా ఎండిపోయింది కదా’ అనుకుంటే మోసపోయినట్టే. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే చోటు, ఇప్పుడు నీళ్లున్న చోటు కాదు. 2024 జులైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక చెరువులు, నాలాల పక్క స్థలాల లెక్కే మారిపోయింది. ‘రిజిస్ట్రేషన్ అయింది కదా, ఇంటి నంబరు ఇచ్చారు కదా’ అంటే బుల్‌డోజర్ ముందు వినేవాడు లేడు.

టేపు పట్టి కొలవండి

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది సేల్ డీడ్‌లో ఉన్న కొలతలే చెబుతారు. ప్లాటు దగ్గరికి వెళ్లి టేపు పడితే ఒక వైపు 60 అడుగులకు 57న్నర తేలుతుంది. పక్కవాడి ప్రహరీ లోపలికి జరిగి ఉంటుంది, లేదా లేఅవుట్ వేసినప్పుడే రాళ్లు సరిగా పాతలేదు. పోర్టల్‌లో 60 అని రాసి, ఆ లెక్కన ప్లాన్ గీయించుకుంటే తర్వాత చూడ్డానికి వచ్చినవాళ్లకు దొరికే మొదటి తప్పు అదే. స్థలం మీద ఉన్న కొలతే రాయండి.

రోడ్డు వెడల్పు ఇంకా ముఖ్యం. ఒక లెక్క వేసి చూపిస్తాను. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, మొత్తం 200 గజాల ప్లాటు. ముందున్నది 20 అడుగుల రోడ్డు. ఇంటి అనుమతికి రోడ్డు కనీసం 9 మీటర్లు, అంటే 30 అడుగులుగా లెక్కిస్తారు. తక్కువైతే రోడ్డు మధ్య గీత నుంచి 15 అడుగులు వచ్చేదాకా మీ స్థలంలోంచి వదలాలి. రోడ్డులో మీ సగం పదడుగులే ఉంది కాబట్టి ఇంకో అయిదడుగులు పోతుంది. 60 అడుగుల లోతు 55 అవుతుంది, 200 గజాలు 183 గజాలుగా మిగులుతాయి.

సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఇక్కడి నుంచి మొదలు. 2012 నాటి జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో, చిన్న రోడ్డు మీద, 10 మీటర్ల ఎత్తు వరకు ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. అంటే ముందు సుమారు అయిదడుగులు, వెనక 3 అడుగుల 3 అంగుళాలు. అటూ ఇటూ కలిపి వెడల్పులో ఆరున్నర అడుగులు పోతే మిగిలేది ఇరవై మూడున్నర, లోతు 47 అడుగులకు కాస్త తక్కువ. అంతస్తుకు దాదాపు 1,100 చదరపు అడుగులు. మేస్త్రీ మాత్రం 60 అడుగుల లోతు పెట్టుకుని ‘1,200 పైన వస్తుంది సార్’ అని ముందే చెప్పి ఉంటాడు, మీరు కూడా ఆ లెక్కనే గదులు పంచుకుని ఉంటారు. పూజగదికి వాస్తు ఎలాగోలా కుదురుతుంది గానీ ఈ అయిదడుగులు ఎక్కడి నుంచీ రావు.

మాస్టర్ ప్లాన్‌లో మీ వీధిని ఇంకా వెడల్పు చేసే ప్రతిపాదన ఉందేమో కూడా చూసుకోండి. అలా పోయే స్థలానికి బదులు టీడీఆర్ (వేరొకరికి అమ్ముకోగల నిర్మాణ హక్కు) తీసుకునే వీలుంది. ప్లాటే చిన్నదైతే మాత్రం చేతికొచ్చే హక్కు కంటే పోయే జాగానే పెద్దగా కనిపిస్తుంది.

దరఖాస్తు

ఇవన్నీ తేలాక దరఖాస్తు నింపడం ఒక పూట పని. మొబైల్ నంబరుతో పోర్టల్‌లో లాగిన్ అయి ప్లాటు వివరాలు, సర్వే నంబరు, విస్తీర్ణం, రోడ్డు వెడల్పు, అంతస్తులు నింపుతారు. ఆన్‌లైన్ చేతకానివాళ్లకు మీసేవ ఉంది. మీ ఆర్కిటెక్టో ఇంజనీరో తన లాగిన్ నుంచి డ్రాయింగ్ ఎక్కిస్తారు. సాఫ్ట్‌వేరే సెట్‌బ్యాక్‌లు, ఎత్తు, పార్కింగ్ కొలిచి తప్పుంటే తిప్పి పంపుతుంది. ఇక్కడ డ్రాయింగ్ వెనక్కి వస్తే కంగారు పడకండి, పది పైసల ఖర్చు లేకుండా తప్పు తెలిసినట్టే.

ఫీజు ఎంతొస్తుందో పోర్టల్ లెక్కకట్టి చూపిస్తుంది. అందులో పర్మిట్ ఫీజు ఒక్కటే ఉండదు. బెటర్‌మెంట్ చార్జీలు, డెవలప్‌మెంట్ చార్జీలు, కార్మిక సంక్షేమ సెస్సు, ఖాళీ స్థలం పన్ను బకాయి అన్నీ కలిసే వస్తాయి. కొన్ని ఏళ్లు ఖాళీగా వదిలేసిన ప్లాటైతే ఈ చివరిది గట్టిగానే తగులుతుంది. డబ్బు ఆన్‌లైన్‌లోనే కట్టండి. ‘నాకివ్వండి, నేను చూసుకుంటా’ అనేవాళ్ల చేతిలో నగదు పెట్టారంటే మీ దగ్గర రసీదు మిగలదు. పర్మిట్ పేరిట అలా డబ్బు తీసుకుని, మార్చిన పీడీఎఫ్ చేతిలో పెట్టినవాణ్ని నేనెరుగుదును. ఆ ఇంటాయనకు సంగతి తెలిసింది బ్యాంకు లోన్ తిరస్కరించినప్పుడు. మీ పర్మిట్ నంబరును మీరే పోర్టల్‌లో వెతికి చూసుకుంటే ఆ బాధ ఉండదు.

చివర్లో స్వీయ ధ్రువీకరణ పత్రం వస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే టిక్ పెడతారు. అందులో మీరు ఒప్పుకుంటున్నది ఇది: ఇచ్చిన వివరాలు తప్పని తేలితే నోటీసు ఇవ్వకుండానే కట్టడాన్ని కూల్చవచ్చు. సంతకం మీది. డ్రాయింగ్ గీసినవాడి లైసెన్సు పోతే పోవచ్చు గానీ స్లాబు పోయేది మీదే.

21 రోజుల ఓపిక

తక్షణ అనుమతి వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోగా అధికారులు సైటుకు వచ్చి వివరాలు సరిచూడాలి, తేడా ఉంటే అనుమతి రద్దు చేయవచ్చు. నా సలహా అడిగితే ఈ మూడు వారాలూ బోరు వేయించడానికి, కరెంటు తాత్కాలిక కనెక్షన్‌కు, ఇసుక, ఇటుకల బేరాలకు వాడుకోండి. ముహూర్తం దగ్గర పడితే కొబ్బరికాయ కొట్టి శంకుస్థాపన చేసుకోండి, పునాది కాంక్రీటు మాత్రం పోయకండి. వాళ్లు వచ్చినప్పుడు ప్లాన్ కాపీ, సేల్ డీడ్, టేపు దగ్గర పెట్టుకుని మీరూ ఉండండి.

పని మొదలయ్యాక అనుమతి నంబరు రాసిన బోర్డు సైటు దగ్గర కనిపించాలి. అనుమతికి గడువు కూడా ఉంటుంది, అది ఆ ఉత్తర్వు మీదే రాసి ఉంటుంది, చూసుకోండి. మధ్యలో ఇంకో గది కలుపుదాం, పైన పెంట్‌హౌస్ వేద్దాం అనిపిస్తుంది. పక్కింట్లో వేశారు కదా అంటారు. పక్కింటాయనకు ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిందో లేదో అడిగి చూడండి. మార్పులు చేయాలంటే రివైజ్డ్ ప్లాన్‌కు దరఖాస్తు చేసుకునే దారి ఉంది, స్లాబు వేయకముందే ఆ పని చేయించండి.

ఓసీ

ఇల్లు పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలి. 75 గజాల లోపు రిజిస్ట్రేషన్ ఇళ్లకు ఇది అక్కర్లేదు. స్వీయ ధ్రువీకరణ ఇళ్లకు ఇది కూడా ఆన్‌లైన్‌లో వెంటనే వస్తుంది, సింగిల్ విండోలో తీసుకున్నవాళ్లకు 15 రోజుల గడువు. ఇల్లు పూర్తయిన ఫొటోలు, ఇంజనీరు ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్, ఇంకుడు గుంత ఫొటో సిద్ధంగా ఉంచుకోండి. ఇంకుడు గుంత అంటే మూత వేసిన ఖాళీ తొట్టి కాదు, కంకర, ఇసుక పొరలు వేసినది. ఫొటో కోసం గుంత తవ్వి, మర్నాడే పూడ్చి టైల్స్ వేసినవాళ్లు ఇంటి ముందు వాన నీళ్లు నిలిచాయని మళ్లీ ఫోన్ చేస్తారు.

గృహప్రవేశం అయిపోయాక ఓసీ సంగతి చూద్దాంలే అని వదిలేస్తే నీళ్ల కనెక్షన్ దగ్గర, కరెంటు మీటరు దగ్గర, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడి లోన్ దగ్గర దాన్నే అడుగుతారు. పాలు పొంగించే తేదీకి నెల ముందే దరఖాస్తు పెట్టుకుని, చేతికొచ్చిన ఓసీని శాంక్షన్ ప్లాన్‌తో కలిపి సేల్ డీడ్ ఫైల్లో పెట్టండి. ప్లాన్ జిరాక్స్ ఇంకోటి తీసి విడిగా ఉంచుకోండి. ఎలక్ట్రీషియన్ మొదటి కాపీని ఎక్కడో మరిచిపోతాడు.